టీవీ బ్రాకెట్ కొనే ముందు గోడ సంగతి తెలుసుకోండి

[దృశ్యం: హాల్లో ఖాళీ గోడ. దాని కింద ఇంకా విప్పని 55 అంగుళాల టీవీ అట్టపెట్టె.]

నమస్తే అండీ. కొత్త టీవీ ఇంటికొచ్చిన రోజు అందరికీ తొందరే. ఎప్పుడు గోడకెక్కుతుందా, ఎప్పుడు ఆన్ చేద్దామా అని. మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. ఈ గోడ దేంతో కట్టారో తెలిసేదాకా ఆ పెట్టె అలాగే ఉంచండి.

మా అక్క వాళ్ళ ఫ్లాట్‌లో జరిగింది చెప్తాను. టీవీ వచ్చిన మర్నాడు బిగించే అబ్బాయి వచ్చాడు. నాలుగు కన్నాలు వేసి, స్క్రూ పట్టుకోడానికి కన్నంలో దూర్చే ప్లగ్గులు బ్రాకెట్‌తో పాటు వచ్చినవే కొట్టి, ఇరవై నిమిషాల్లో బిగించి వెళ్ళిపోయాడు. నెల తిరిగాక అక్క ఫోన్ చేసింది. "ఏరా, టీవీ కాస్త ముందుకి వాలినట్టుంది, నాకే అలా కనిపిస్తోందా?" అని. వెళ్ళి చూస్తే బ్రాకెట్ పై అంచుకీ గోడకీ మధ్య నా చిటికెన వేలు దూరింది. సరిగ్గా దాని కింద మా మేనకోడలు బొమ్మలు పరుచుకుని ఆడుకుంటోంది. ముందు పిల్లని ఎత్తుకెళ్ళి లోపలి గదిలో కూర్చోబెట్టి, ఆ తర్వాత బావా నేనూ కలిసి టీవీ దించాం. పై స్క్రూ పట్టుకుని లాగితే ప్లగ్గుతో సహా చేతిలోకి వచ్చేసింది. దాని వెంట ముగ్గుపిండి లాంటి తెల్లటి పొడి రాలింది.

ఇవాళ్టి వీడియో అంతా ఆ పొడి గురించే.

[క్లోజప్: గోడకి టేపుతో అంటించిన మడత కాగితం. పైన డ్రిల్ బిట్.]

బయటికి చూస్తే అపార్ట్‌మెంట్ గోడలన్నీ ఒకటే. పైన రంగు, దాని కింద లప్పం, దాని కింద ప్లాస్టరింగ్. అసలు గోడ ఆ లోపల ఉంటుంది. అందుకే టీవీ వెనక దాగిపోయే చోట 6 మిల్లీమీటర్ల బిట్‌తో ఒక చిన్న కన్నం వేసి చూస్తాం. కింద ఇలా పోస్టు కవర్ మడిచి అంటిస్తే పొడి అందులోనే పడుతుంది, ఇల్లు పాడవదు, రంగు కూడా తెలుస్తుంది.

కన్నం వేసే ముందు ఒక జాగ్రత్త. స్విచ్ బోర్డుకీ, సాకెట్‌కీ నేరుగా పైనా కిందా గోడలో వైర్ల పైపు వెళ్తుంటుంది. ఆ నిలువు గీత మీద డ్రిల్ పెట్టకండి. గోడకి అటువైపు బాత్‌రూమ్ ఉంటే నీళ్ళ పైపులు ఎటు వెళ్ళాయో కనుక్కోండి. చెమ్మ కనిపించే గోడైతే అక్కడ టీవీ ఆలోచనే వద్దు. కరెంటు బోర్డులో హాలు లైన్ స్విచ్, అంటే ఎంసీబీ, ఆపేసి, డ్రిల్‌కి కరెంటు వేరే గది నుంచి లాక్కోండి.

[డ్రిల్ శబ్దం. కాగితంలోకి పొడి.]

చూడండి. మొదట కాస్త తెల్లగా వచ్చింది, అది లప్పం. తర్వాత బూడిద రంగు ఇసక, అది ప్లాస్టరింగ్. ఇది చూసి "సిమెంటు గోడే" అని ఆగిపోకండి, ఇంకా లోపలికి పోనివ్వండి. ఇదిగో, ఎర్రపొడి. ఇది ఇటుక గోడ. పాత అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది, టీవీకి మంచి గోడ కూడా. 10 మిల్లీమీటర్ల బిట్, 60 నుంచి 70 మిల్లీమీటర్ల లోతు, మంచి నైలాన్ ప్లగ్గు, దానికి తగ్గ లావు స్క్రూ చాలు. ఎర్రపొడి వస్తూ వస్తూ మధ్యలో మళ్ళీ ఇసకగా మారితే మాత్రం బిట్ రెండు ఇటుకల మధ్య సందులో పడిందన్నమాట. అంగుళం జరిగి వేసుకోండి.

బిట్ ముందుకే పోకుండా, చెయ్యంతా అదురుతూ, సన్నటి బూడిద రంగు పొడి వస్తే అది కాంక్రీట్. హైదరాబాద్‌లో కోకాపేట, నల్లగండ్ల వైపు లేచిన ఎత్తైన టవర్లలో చాలావాటికి లోపలి గోడలు కూడా కాంక్రీటే. మేస్త్రీలు మైవాన్ అంటారు. అల్యూమినియం ఫ్రేముల్లో గోడా స్లాబూ కలిపి పోసేస్తారు. దీనికి మామూలు డ్రిల్ పనికిరాదు, గట్టిగా కొడుతూ తిరిగే రోటరీ హ్యామర్ కావాలి. ఒక్కసారి కన్నం పడిందంటే ఆ పట్టుకి తిరుగులేదు. మధ్యలో ఇనుప చువ్వ తగిలితే బలవంతం చెయ్యకుండా పక్కకి జరగండి. ఈ గోడ బిల్డింగ్ బరువు మోస్తుంది. వైర్లు దాచడానికి దీన్ని గాడి కొట్టకూడదు.

ఇక మా అక్క వాళ్ళ గోడ. బిట్ పెట్టగానే వెన్నలో దిగినట్టు దిగిపోతుంది, తెల్లటి మెత్తటి పొడి వస్తుంది. ఇది ఏఏసీ బ్లాక్. లైట్ వెయిట్ బ్లాక్ అన్నా ఇదే. సిమెంటు, సున్నం, ఫ్లై యాష్ కలిపిన ముద్దలో కొంచెం అల్యూమినియం పొడి వేస్తారు. లోపల గ్యాస్ పుట్టి, పులిసిన ఇడ్లీ పిండిలా పొంగుతుంది. ముక్కలు కోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీలో ఉన్నట్టే దీని నిండా గాలి గదులు.

[క్లోజప్: నీళ్ళ బకెట్లో తేలుతున్న బ్లాక్ ముక్క.]

ఎర్ర ఇటుక ఘనపు మీటరుకి 1,600 కిలోల పైన తూగితే, ఇది 550 నుంచి 650 కిలోలే. అందుకే తేలుతుంది. బిల్డర్‌కి ఇది మంచిదే, ఇంటికి ఎండ వేడి తగ్గుతుంది, బిల్డింగ్ మీద బరువూ తగ్గుతుంది. కానీ మామూలు ప్లగ్గు పట్టు ఎక్కడిదంటే, అది లోపల ఉబ్బి గోడని నొక్కడం వల్ల వచ్చేది. గట్టి గోడైతే ఆ నొక్కుడికి ఎదురు నిలుస్తుంది. ఇది నలిగి పొడైపోతుంది. బిగించిన రోజు గట్టిగానే అనిపిస్తుంది, రోజులు గడిచేకొద్దీ వదులవుతుంది.

దీనికి మందు ఉంది, భయపడక్కర్లేదు. డ్రిల్‌లో హ్యామర్ మోడ్ ఆపెయ్యండి, ఉత్తినే తిరిగితే చాలు. కొట్టుడు పడితే కన్నం పెద్దదై, వంకర పోతుంది. ప్యాకెట్ మీద ఏఏసీ బ్లాక్‌కి అని రాసి ఉన్న పొడుగాటి నైలాన్ ప్లగ్గులు తీసుకోండి. పెద్ద టీవీ అయితే కెమికల్ యాంకర్ వేయించండి. కన్నం శుభ్రంగా ఊది, జిగురు లాంటి రెసిన్ నింపి, అందులో రాడ్ దింపి, ప్యాకెట్ మీద చెప్పినంతసేపు కదపకుండా వదిలేస్తారు. అది గాలి గదుల్లోకి పాకి గట్టిపడి గోడతో కలిసిపోతుంది. ఇనప యాంకర్ బోల్టు మాత్రం ఈ గోడకి వద్దు. అది కాంక్రీట్‌కి చేసిన వస్తువు.

జిప్సం బోర్డు పార్టిషన్ అయితే బోర్డుని నమ్మి టీవీ తగిలించకండి. లోపలి ఫ్రేముకే బిగించాలి.

[దృశ్యం: రెండు రకాల బ్రాకెట్లు పక్కపక్కన.]

ఇప్పుడు బ్రాకెట్. గోడకి అంటుకుని ఉండేది ఒకటి, చెయ్యిలా ముందుకి సాగి అటూ ఇటూ తిరిగేది ఇంకొకటి. నిండు బిందె నడుమున పెట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాం. అదే బిందెని చెయ్యి చాపి పట్టుకోమంటే రెండు నిమిషాలు నిలబడలేం. బరువు మారలేదు, దూరం మారింది. లెక్క కూడా చూద్దాం. టీవీ 15 కిలోలు, బ్రాకెట్ పై బోల్టుకీ కింది అంచుకీ మధ్య 20 సెంటీమీటర్లు అనుకోండి. టీవీ బరువు గోడకి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పై బోల్టుల్ని బయటికి లాగే బలం 4 కిలోల లోపే. అదే టీవీని 40 సెంటీమీటర్లు ముందుకి లాగితే ఆ బలం 30 కిలోలవుతుంది. పిల్లలు పట్టుకుని ఊగితే ఇంకెంతో. ఏఏసీ గోడ మీద చెయ్యి బ్రాకెట్ వద్దని నేను గట్టిగానే చెప్తాను.

టీవీ వెనక నాలుగు స్క్రూ కన్నాల మధ్య దూరాన్ని వెసా అంటారు. 200 బై 200, 400 బై 400 అలా మిల్లీమీటర్లలో ఉంటుంది, మోడల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్లో చూసే కొనండి. ఆ కన్నాల్లో చెప్పిన దానికన్నా పొడుగు స్క్రూ తిప్పితే లోపల ప్యానెల్ దెబ్బతింటుంది.

ఎత్తు దగ్గర చాలా ఇళ్ళల్లో పొరపాటు జరుగుతోంది. పాత షోకేసుల్లో పైన కొండపల్లి బొమ్మలు, మధ్యలో టీవీ పెట్టుకున్నప్పుడు ఎత్తు సరిగ్గానే ఉండేది. గోడకెక్కించడం మొదలుపెట్టాక దేవుడి పటాల ఎత్తుకి తీసుకెళ్తున్నాం. సోఫాలో కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి దాదాపు 40, 42 అంగుళాల ఎత్తులో ఉంటాయి. టీవీ మధ్య భాగం అక్కడికి రావాలి. 55 అంగుళాల టీవీ ఎత్తు 27 అంగుళాలు కాబట్టి దాని కింది అంచు నేల నుంచి 28 అంగుళాల దగ్గర ఉంటుంది. వినగానే తక్కువ అనిపిస్తుంది. పాత పేపర్లు అతికించి టీవీ సైజుకి కత్తిరించి గోడకి అంటించండి, రెండు రోజులు మామూలుగా కూర్చుని చూడండి. మీ మెడే చెప్తుంది. నేల మీద చాప వేసుకుని చూసే పెద్దవాళ్ళు ఉంటే ఇంకో రెండు అంగుళాలు దించండి. బెడ్‌రూమ్‌లో పడుకుని చూస్తాం కాబట్టి అక్కడ కాస్త పైన పెట్టి, ముందుకి వంగే బ్రాకెట్ వాడొచ్చు. దూరం 7 అడుగుల చుట్టుపక్కల ఉంటే 55 అంగుళాలకి సరిపోతుంది.

మార్కింగ్ చేసేటప్పుడు ఇంకో చిన్న సంగతి. వెసా కన్నాలు టీవీకి సరిగ్గా మధ్యలో ఉండాలనేం లేదు, చాలావాటిలో కిందికి ఉంటాయి. టీవీ కింది అంచు నుంచి కన్నాల దాకా టేపు పెట్టి కొలిచి, ఆ లెక్కనే గోడ మీద దించుకోండి.

[దృశ్యం: టీవీ యూనిట్, పక్కన చిక్కుపడ్డ వైర్లు.]

డ్రిల్ పెట్టే ముందే మిగతా సామాను చోటు కూడా తేల్చుకోవాలి. గోడకి అంటుకునే బ్రాకెట్ వెనక 3 సెంటీమీటర్లే ఖాళీ ఉంటుంది. మన మూడు పిన్నుల ప్లగ్గు అందులో పట్టదు, టీవీ ఒకవైపు పైకి లేస్తుంది. సాకెట్‌ని పక్కకి జరిపించండి, లేదా గోడ లోపలికి దిగిన పెట్టెలో పెట్టించండి. ఆ ప్లగ్గు మీ చేతికి అందాలి కూడా. వేసవి చివర ఉరుములు, పిడుగులు మొదలైనప్పుడు టీవీ ప్లగ్గు, డిష్ కేబుల్, నెట్ కేబుల్ మూడూ పీకెయ్యాల్సి వస్తుంది. అవి టీవీ వెనక ఇరుక్కుంటే ఎవరూ పీకరు.

ఇంటీరియర్ పని నడుస్తుంటే టీవీ వెనక నుంచి కింది యూనిట్ దాకా రెండంగుళాల పీవీసీ పైపు గోడలో వేయించుకోండి. అంత లావు ఎందుకంటే హెచ్‌డీఎంఐ వైరు సన్నగానే ఉన్నా దాని మూతి వెడల్పు. కరెంటు వైరు అందులో వెయ్యకండి, దానికి వేరే పైపు. మైవాన్ గోడైనా, అద్దె ఇల్లైనా గోడ రంగు వేసిన కేసింగ్ పట్టీ చాలు, దూరం నుంచి కనపడదు. అద్దె ఇంట్లో ఓనర్‌గారు కన్నాలు వద్దంటే నేల మీద నిలబెట్టే వెసా స్టాండ్ దొరుకుతుంది. ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు.

సెట్‌టాప్ బాక్స్‌ని తలుపుల కప్‌బోర్డులో పెడితే రెండు కష్టాలు. రిమోట్ అందదు, వేడి బయటికి పోదు. ఆ వెచ్చదనానికి బొద్దింకలు చేరతాయి. రిపేరుకి తెచ్చిన పెట్టెల్లో ఎన్నిట్లోనో వాటి గూళ్ళు చూశాను. ముందు భాగం తెరిచున్న అర పెట్టుకుని, వెనక పలకకి గుప్పెడంత కన్నం కోయించండి. హోమ్ థియేటర్ యాంప్లిఫయర్ ఉంటే పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, దాని మీద ఏదీ పెట్టకూడదు. వైఫై రౌటర్‌ని టీవీ వెనక దాచకండి. టీవీలోని రేకు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. సౌండ్‌బార్ వైరుని టీవీ శబ్దం బయటికి పంపే, ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే పెట్టండి. సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే కింది ఫ్లాట్ వాళ్ళకి స్లాబు అదరడం తగ్గుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం దగ్గర ఉండేవాళ్ళు స్టెయిన్‌లెస్ స్క్రూలు అడిగి తీసుకోండి, ఉప్పుగాలికి మామూలువి తుప్పు పడతాయి.

టీవీ ఎత్తేటప్పుడు ఇద్దరు ఉండాలి. పట్టుకోవాల్సింది అంచుల్ని, తెర మీద వేళ్ళు పడకూడదు.

[క్లోజప్: బ్రాకెట్ పై అంచు వెంబడి పెన్సిల్ గీత గీస్తున్న చెయ్యి.]

బిగించడం అయ్యాక టీవీ తగిలించే ముందు, బ్రాకెట్ పై అంచు వెంబడి గోడ మీద ఇలా సన్నటి పెన్సిల్ గీత గియ్యండి. వారానికోసారి, తర్వాత నెలకోసారి టార్చి వేసి చూడండి. గీతకీ బ్రాకెట్‌కీ మధ్య వెంట్రుకంత తేడా వచ్చినా, బ్రాకెట్ గోడ నుంచి విడిచినట్టున్నా టీవీ దించేసి మళ్ళీ బిగించుకోవచ్చు.

అక్క వాళ్ళింట్లో కెమికల్ యాంకర్ వేసి ఏడాది దాటింది. మొన్న ఆదివారం టార్చి వేసి చూశాను. పెన్సిల్ గీత ఎక్కడ గీశానో అక్కడే, బ్రాకెట్‌కి ఆనుకుని ఉంది.