మాంటెరీలో పడవెక్కే ముందు

అందరికీ నమస్కారం. ఈ నెల మాట్లాడమని అడిగితే ఏ విషయమా అని నేను పెద్దగా ఆలోచించలేదు. కాలిఫోర్నియాలో, ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మనవాళ్ళింటికి వేసవిలో అమ్మానాన్నలు వచ్చారంటే గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, ఆ తర్వాత మాంటెరీలో తిమింగలాల పడవ, ఈ మూడూ ఖాయం కదా. మొదటి రెండింటికీ ఎవరి సలహా అక్కర్లేదు. మూడోదానికి మాత్రం జూన్ వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి, "తిమింగలం గ్యారంటీగా కనిపిస్తుందా అండీ?" అని. వేసవిలో అయితే కనిపించే అవకాశం బాగా ఎక్కువేనండి. కానీ అవి అక్కడికే ఎందుకొస్తాయో కాస్త తెలుసుకుని వెళ్తే ఆ మూడు నాలుగు గంటలు ఎటు చూడాలో తెలుస్తుంది, లేకపోతే నీళ్ళు చూసి చూసి ఫోన్ తీసేస్తాం.

మ్యాపులో మాస్ ల్యాండింగ్ రేవు చూడండి, మాంటెరీకి కాస్త ఉత్తరాన ఉంటుంది. ఆ రేవు ముఖద్వారం దగ్గరే సముద్రం అడుగున ఒక పెద్ద లోయ మొదలవుతుంది, దాన్ని మాంటెరీ కాన్యన్ అంటారు. పడమరకి పోయేకొద్దీ దిగిపోయి మూడున్నర కిలోమీటర్లు దాటిన లోతుకి చేరుతుంది, గోడలు కొన్నిచోట్ల గ్రాండ్ కాన్యన్ గోడలంత ఎత్తుంటాయి. మామూలుగా ఇంత లోతు నీళ్ళు కావాలంటే ఒడ్డు వదిలి చాలా దూరం పోవాలి, ఇక్కడ టిఫిన్ తిని పడవెక్కితే అది అరిగేలోపు ఆ లోయ మీద ఉంటాం. వసంతంలో వాయవ్యం నుంచి తీరం వెంబడి గాలి గట్టిగా వీస్తుంది. ఆ గాలీ, భూమి తిరగడమూ కలిసి పైనున్న నీళ్ళని సముద్రంలోకి నెట్టేస్తే, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి, ఎరువులాంటి పోషకాలు మోసుకుని. వాటికి ఎండ తగిలితే కంటికి కనపడని నాచు పెరుగుతుంది, దాన్ని తినడానికి క్రిల్ అనే రొయ్యల్లాంటి బుల్లి జీవులు, ఆంచోవీ చేపలు, వాటి కోసం పక్షులు, సీ లయన్లు, డాల్ఫిన్లు, చివరికి తిమింగలాలు. మొత్తానికి మాంటెరీ బే ఒక నిత్యాన్నదాన సత్రం, ఎవరు ఎప్పుడొస్తారన్నది ఆ పూట ఏం వడ్డిస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఒక్క గ్రే తిమింగలాలే దీనికి మినహాయింపు. అవి ఇక్కడికి తిండికోసం రావు, దారిన పోతూ కనిపిస్తాయంతే. డిసెంబరు, జనవరిలో ఆర్కిటిక్ వైపు నుంచి మెక్సికోలోని బాహా తీరానికి దిగుతాయి, అక్కడి ఉప్పునీటి మడుగుల్లో పిల్లల్ని కని, ఫిబ్రవరి నుంచి మే దాకా తిరుగు ప్రయాణం. పిల్లల్ని వెంటేసుకున్న తల్లులు ఆఖర్న, ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, ఒడ్డుని అంటిపెట్టుకుని ఈదుతాయి. ఎందుకంటే ఓర్కాల భయం. ఓర్కా అంటే డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికంటే పెద్దది, గుంపుగా వేటాడుతుంది. ఒడ్డు పక్కనే పోతే బతికిపోవచ్చు, కానీ మాంటెరీ దగ్గరికొచ్చేసరికి ఆ లోయ అడ్డం పడుతుంది. చుట్టూ తిరిగితే దూరం, అడ్డంగా దాటితే దగ్గర, కాకపోతే కింద అంతులేని లోతు. ఓర్కాలు కాపు కాసేది సరిగ్గా అక్కడే. ఆ రెండు నెలల్లో పడవెక్కేవాళ్ళు వేట కళ్ళారా చూడాల్సి రావచ్చు, గంటల తరబడి సాగుతుంది, తల్లి పిల్లని తన వీపు మీదికి ఎత్తుకుని కాపాడే ప్రయత్నం చేస్తుంది. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. 2012 మేలో అయితే ఇంకో విచిత్రం జరిగింది. ఓర్కాలు ఒక గ్రే పిల్లని చంపాక హంప్‌బ్యాక్ తిమింగలాలు వచ్చి గంటల కొద్దీ అక్కడే తిరుగుతూ ఓర్కాలకి అడ్డుతగిలాయి. తమ జాతి పిల్ల కూడా కాదు. ఎందుకలా చేశాయో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

అమ్మానాన్నలు జూన్, జులైల్లో వస్తారు కాబట్టి మనకి ఎక్కువగా కనిపించేవి ఈ హంప్‌బ్యాక్‌లే. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఉంటాయి. నీలి తిమింగలం వేసవిలోనూ ఆ తర్వాతా వస్తుంది, కానీ క్రిల్ బాగా ఉంటేనే. వచ్చిన ఏడాది వచ్చినట్టు, రాని ఏడాది లేదంతే.

ఇక చూడ్డం సంగతి. పడవ ముందు కొనని పన్నెండు గంటలనుకుని దిక్కులు చెప్తారు, "రెండు గంటల దగ్గర" అని మైకులో వినగానే గడియారం గుర్తు తెచ్చుకుని అటు తిరగండి. ముందు పక్షుల్ని వెతకండి, గుంపుగా నీళ్ళలోకి దూకుతున్నాయంటే కింద చేపలున్నట్టే. తర్వాత ఊపిరి, అంటే తిమింగలం పైకొచ్చి వదిలే గాలి తుంపరలా చిమ్మడం. నీలి తిమింగలం ఊపిరి ముప్పై అడుగుల దాకా నిటారుగా లేస్తుంది, హంప్‌బ్యాక్‌ది గుబురుగా పొదలా ఉంటుంది, గ్రే తిమింగలానిది ఎదురుగా చూస్తే హృదయం ఆకారంలో చీలినట్టుంటుంది. గాలి మనవైపు ఉంటే వాసన కూడా వస్తుంది, కుళ్ళిన చేపల కంపు, ముందే చెప్తున్నా. హంప్‌బ్యాక్ నాలుగైదు సార్లు ఊపిరి తీసుకున్నాక వీపుని విల్లులా వంచిందంటే లోతుకి దిగబోతోందని అర్థం, కెమెరా అప్పుడు ఎత్తాలి, తోక మొత్తం పైకి లేస్తుంది. ఆ తోక అడుగున నలుపూ తెలుపూ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, శాస్త్రవేత్తలు ఫోటోలు చూసి ఫలానా తిమింగలం అని గుర్తుపట్టేది వాటితోనే. అది దిగిపోయిన చోట నీళ్ళ మీద నూనె పోసినట్టు నున్నటి వలయం ఒకటి కాసేపు మిగులుతుంది. దాన్ని చాలామంది గమనించరు.

అందరూ అడిగేది మాత్రం గెంతు. నలభై అడుగుల ప్రాణి గాల్లోకి లేవడం గొప్పగానే ఉంటుంది, నేనేమీ కాదనను. కానీ దానికోసం కెప్టెన్ మీద పడి "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి" అని అరవడం చూశాను, అందులో మన తెలుగు గొంతులూ విన్నాను. ఒక పడవవాళ్ళు టిప్పులకి ఆశపడి నిజంగానే పోనిచ్చారు, తిమింగలం తిండి మానేసి మునిగిపోయింది, మళ్ళీ కనపడలేదు. 1972 నాటి చట్టం ప్రకారం సముద్రపు క్షీరదాల్ని ఇబ్బంది పెట్టడం నేరం, వంద గజాల దూరం పాటించమని ప్రభుత్వ సూచన. అది మన మంచికి కూడా. 2015లో మాస్ ల్యాండింగ్ దగ్గర కయాక్‌లో, అంటే చిన్న తెడ్డు పడవలో ఉన్న ఇద్దరి మీదే హంప్‌బ్యాక్ గెంతి పడింది, అదృష్టం బాగుండి బతికారు. దూరంగా ఇంజన్ నెమ్మదించి నిలబడే పడవే మంచి పడవ. వాటికి బుద్ధి పుడితే అవే దగ్గరికొస్తాయి.

ఇదే తీరంలో 1850ల నుంచి వీటిని చంపి నూనె కాచేవాళ్ళు. రేవు దగ్గర్లో ఓల్డ్ వేలింగ్ స్టేషన్ అని పాత ఇల్లుంది, దాని ముందు నడకదారిలో పరిచినవి తిమింగలాల వెన్నుపూసలు. పడవ దిగాక అయిదు నిమిషాలు కేటాయించి చూడండి. అమెరికాలో చివరి తిమింగలాల వేట కేంద్రం ఎక్కడో దూరాన లేదు, మన రిచ్‌మండ్‌లోనే, 1971లో మూతపడింది. వేట ఆగాక గ్రే తిమింగలాలు ఎంత పుంజుకున్నాయంటే 2016 నాటికి దాదాపు 27 వేలు లెక్కతేలాయి. ఆ తర్వాత ఆర్కిటిక్‌లో తిండి దెబ్బతింది, 2019 నుంచి బక్కచిక్కి చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి, 2025 అంచనా 13 వేల దగ్గరికి పడిపోయింది. ఆకలితో కొన్ని శాన్‌ఫ్రాన్సిస్కో బే లోపలికే వచ్చేసి ఓడల కిందపడి చస్తున్నాయి. హంప్‌బ్యాక్‌లకి పీతల బుట్టల తాళ్ళు చుట్టుకునే బాధ, అందుకే పీతల సీజను ఇప్పుడు వాయిదా పడుతూ ఉంటుంది. థాంక్స్‌గివింగ్‌కి పీతల ఇగురు లేదని మా ఇంట్లో కూడా సణుగుతారు. సణగనివ్వండి.

వెళ్ళేవాళ్ళకి ఆఖరిగా రెండు మాటలు. ఫ్రీమాంట్‌లో ఎండ మండిపోతోందని అత్తగారిని పల్చటి చీరలో ఎక్కించకండి. జులైలో కూడా అక్కడ పొగమంచు, చలిగాలి, స్వెట్టరూ జాకెట్టూ రెండూ కావాలి. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే. ఖాళీ కడుపు వద్దు, పూరీలూ వద్దు, రెండిడ్లీలు చాలు. లోపల కూర్చోకుండా పడవ వెనక భాగంలో నిలబడి దూరాన ఆకాశం, నీళ్ళు కలిసే గీత మీద చూపు నిలపండి. అప్పటికీ ఆగకపోతే బాత్రూంలోకి పరిగెత్తకండి, పక్కనున్న కమ్మీ పట్టుకోండి, కాకపోతే గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని రెండో వైపు వెళ్ళండి. ప్రశ్నలేమైనా ఉంటే ఇప్పుడు అడగండి, పార్కింగ్ గురించి తప్ప.