మూడు గిన్నెల క్యారేజీలో రెండింట అన్నమే: పీసీఓఎస్‌పై చర్చ

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: హార్మోన్ల వైద్యురాలు, పోషకాహార నిపుణురాలు, మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటూ పనిచేస్తున్న 26 ఏళ్ల ఉద్యోగిని.)

సమన్వయకర్త: నమస్కారం. డాక్టర్ గారిని తరువాత అడుగుతాను. ముందు మీరు చెప్పండి, పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే హార్మోన్ల సమస్య) అని ఎప్పుడు తెలిసింది?

ఉద్యోగిని: మూడేళ్లయిందండీ. నెలసరి రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు వచ్చేది. గడ్డం కింద వెంట్రుకలు కనిపించేసరికి అమ్మ కంగారుపడి స్కానింగ్‌కు తీసుకెళ్లింది. రిపోర్టు చూసినవాళ్లు "అండాశయాల నిండా నీటి బుడగలు, బరువు తగ్గి రండి" అన్నారు. నా బరువు 54 కిలోలు, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎక్కడ తగ్గాలో మాత్రం చెప్పలేదు.

వైద్యురాలు: ఆ 'నీటి బుడగలు' అనే మాట మన ఆడపిల్లల్ని భయపెట్టినంతగా జబ్బు కూడా భయపెట్టలేదు. అవి బుడగలు కావమ్మా, గడ్డలు అసలే కావు. అండం పూర్తిగా ఎదగక సగంలో ఆగిపోయిన చిన్న పుటికలు. అవి స్కానింగ్‌లో కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కనిపించకపోతే లేనట్టూ కాదు. 2003లో రాటర్‌డామ్‌లో కుదిరిన నిర్వచనం ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి గాడి తప్పడం, ఆండ్రోజెన్లు అంటే మగ హార్మోన్లు పెరగడం, స్కానింగ్‌లో ఆ పుటికలు. థైరాయిడ్ లాంటి వేరే కారణాలు లేవని కూడా తేల్చుకోవాలి.

సమన్వయకర్త: మరి తిండికీ అండాశయానికీ ఏమిటి సంబంధం?

వైద్యురాలు: మధ్యలో ఇన్సులిన్ ఉంది, రక్తంలో చక్కెరను అదుపు చేసే హార్మోన్. కండరాలు, కాలేయం దాని మాట సరిగా వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. విచిత్రమేమిటంటే అండాశయం మాత్రం వింటూనే ఉంటుంది. అంత ఇన్సులిన్ వచ్చి పడేసరికి ఆండ్రోజెన్లను పెంచుతుంది. అటు కాలేయం, రక్తంలో ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్‌ను తగ్గించేస్తుంది. గడ్డం మీది వెంట్రుకలు, ఆగిపోయిన అండం రెండూ అక్కడి నుంచి వచ్చినవే. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఇది జరుగుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా కనిపిస్తుంది, నిజమే. కానీ ఈ అమ్మాయికి ఆ సలహా ఎందుకు? నేనైతే బరువు కాటా కన్నా కొలత టేపునే నమ్ముతాను. దక్షిణాసియా స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఉద్యోగిని: నాది 83.

వైద్యురాలు: చూశారా.

నిపుణురాలు: ఈ రోజు మధ్యాహ్నం తినాల్సిన క్యారేజీని తెమ్మని నేనే అడిగాను. మూత తీయమ్మా.

(ఉద్యోగిని గిన్నెలు ఒక్కొక్కటిగా బల్ల మీద పెడుతుంది. కింది గిన్నెలో అన్నం. మధ్య గిన్నెలో పెరుగన్నం. పైనున్న చిన్న గిన్నెలో ఒక పక్క బెండకాయ వేపుడు, మరో పక్క ప్లాస్టిక్ డబ్బాలో పప్పుచారు.)

నిపుణురాలు: చెంచాతో అడుగు నుంచి కలిపి చూడు. పప్పు తగిలిందా?

ఉద్యోగిని: (నవ్వుతూ) కరివేపాకు తగిలింది.

నిపుణురాలు: 54 కిలోల మనిషికి రోజుకు 45 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. 30 గ్రాముల కందిపప్పులో ఆరేడు. ఈ చారులో పది గ్రాముల పప్పు ఉంటే గొప్పే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటవద్దని చెప్పింది. మన దేశంలో అది 50 నుంచి 70 దాకా ఉంటోంది. ఇక్కడ లెక్క వేయక్కర్లేదు, గిన్నెలే చెబుతున్నాయి.

ఉద్యోగిని: హాస్టల్లో ఏది పెడితే అదేనండీ. వండుకునే వీలు లేదు.

నిపుణురాలు: వండమనను, అన్నం మానమనీ అనను. కింది గిన్నెలో సగమే పెట్టించుకో. మధ్య గిన్నెలో అన్నం కలపకుండా ఉత్త పెరుగు పోయించుకో. రెండు ఉడికించిన గుడ్లు బయట కొనుక్కో. గుడ్డు తినకపోతే రాత్రి నానబెట్టిన పెసలు, గుప్పెడు వేరుశెనగలు. తినేటప్పుడు ముందు కూర, గుడ్డు, ఆ తరువాతే అన్నం. ఇంతకన్నా పెద్ద డైట్ చార్టు రాసిచ్చినా నువ్వు నాలుగు రోజులకు మించి పాటించవు.

సమన్వయకర్త: చాలామంది రాగిజావకు మారామంటున్నారు. అది మంచిదే కదా?

నిపుణురాలు: మెత్తని పిండిని పలచగా కాచి, బెల్లం వేసి తాగితే చక్కెర వేగంగానే రక్తంలోకి చేరుతుంది. చిరుధాన్యం అన్న పేరు ఒక్కటే కాపాడదు. జొన్న రొట్టె వేరు, నమలాలి. తెలంగాణ సోనా బియ్యం సంగతీ అంతే. గ్లైసీమిక్ సూచిక తక్కువ, అంటే రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది, బాగుంది. ఆ ధైర్యంతో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే మళ్లీ మొదటికే.

సమన్వయకర్త: మరి అన్నం, రొట్టె లాంటివి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే కీటో?

వైద్యురాలు: 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు పీసీఓఎస్‌కు ఏ ఒక్క ఆహార పద్ధతీ మరోదానికన్నా మేలని తేల్చలేదు. ఏళ్ల తరబడి తినగలిగినదే ఎంచుకోవాలి.

సమన్వయకర్త: ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల గురించి నేను అడగను. ఇంటికి వెళ్లాక నాకే ఇబ్బంది.

వైద్యురాలు: (నవ్వు) అడగకపోవడమే మంచిది. అమ్మా, నీకు చక్కెర పరీక్ష చేశారా?

ఉద్యోగిని: పరగడుపున చేశారు. మామూలుగానే ఉందన్నారు.

వైద్యురాలు: అది చాలదు. పీసీఓఎస్‌లో పరగడుపు చక్కెర బాగున్నా తిన్న తరువాతది ఎక్కువగా ఉండవచ్చు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చూడాలి. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. ఒకసారి చూశాక, ఏడాది నుంచి మూడేళ్లకోసారి మళ్లీ. ఇంకో సంగతి. నెలసరి మూడు నెలలు దాటినా రాకపోతే ఊరుకోకు, గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. దానికి తిండి మార్చడం ఒక్కటే సరిపోదు, మందులు అవసరం కావచ్చు.

ఉద్యోగిని: ఆ గ్లూకోజ్ పరీక్షకు సెలవు పెట్టాలా?

వైద్యురాలు: శనివారం పొద్దున్నే పరగడుపున వెళ్లు. రెండు గంటలు అక్కడే కూర్చోవాలి, ఒక పుస్తకం తీసుకెళ్లు. మధ్యలో టీ తాగి వస్తానంటే మాత్రం కుదరదు.