డిస్క్ చదివే వేగం: విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్‌లను పోల్చే ముందు

[తెరపై: ఒకే ఫైల్‌ను వెంటవెంటనే రెండుసార్లు చదివిన ఫలితాలు. మొదటి పట్టీ పొట్టిది, రెండోది దానికి ఎన్నో రెట్లు పొడవైనది.]

వ్యాఖ్యానం: ఈ రెండు పట్టీలూ ఒకే కంప్యూటర్‌వి, ఒకే డిస్క్‌వి. డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే సాటా 3 అనుసంధానం ద్వారా సెకనుకు 600 మెగాబైట్లకు మించి డేటా రాదు కనుక, అలాంటి డిస్క్‌పై జరిపిన పరీక్షలో వేల మెగాబైట్ల వేగం కనిపిస్తే, ఆ డేటా డిస్క్ నుంచి కాక ర్యామ్ నుంచి వచ్చిందని అర్థం. విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్ మూడూ ఒకసారి చదివిన ఫైల్‌ను ఖాళీ ర్యామ్‌లో దాచి ఉంచుతాయి. ఆ నిల్వను, అంటే క్యాషేను, ఖాళీ చేయకుండా జరిపిన పోలికను నేను పోలికగా అంగీకరించను. లినక్స్‌లో డ్రాప్ క్యాషెస్, మ్యాక్‌లో పర్జ్ కమాండ్ ఈ పని చేస్తాయి. విండోస్‌లో కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి కొలవడం తేలికైన మార్గం.

[తెరపై: తిరుగుతున్న హార్డ్ డిస్క్ పళ్లెం. వెలుపలి అంచు ఒక రంగులో, లోపలి అంచు మరో రంగులో.]

వ్యాఖ్యానం: హార్డ్ డిస్క్ విషయంలో మరో చిక్కు ఉంది. పళ్లెం వెలుపలి అంచున ఒక్కో చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది కాబట్టి అక్కడ చదివే వేగం ఎక్కువ. లోపలికి వెళ్లేకొద్దీ అది తగ్గుతూ దాదాపు సగానికి పడిపోతుంది. ఒకే డిస్క్‌లో ముందు భాగాన, అంటే వెలుపలి అంచు వైపు విండోస్‌ను, చివర, అంటే లోపలి వైపు లినక్స్‌ను పెట్టుకున్నవారికి లినక్స్ నెమ్మదిగా కనిపించడానికి ఈ ఒక్క కారణం చాలు. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తి చేయడానికి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చెల్లాచెదురుగా ఉన్న డేటాను చదివేటప్పుడు సగటున అందులో సగం నిరీక్షణకే పోతుంది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా చదివే వరుసను మార్చి ఈ నిరీక్షణను తగ్గించగలదే తప్ప, పళ్లేన్ని వేగంగా తిప్పలేదు.

[తెరపై: ఒక పెద్ద వీడియో ఫైల్; పక్కనే వేలాది చిన్న ఫైళ్లున్న ఫోల్డర్.]

వ్యాఖ్యానం: ఈ జాగ్రత్తలు తీసుకున్నాక, పెద్ద ఫైల్‌ను మొదటి నుంచి చివరి వరకు వరుసగా చదివించే పరీక్షలో సాధారణంగా మూడు సిస్టమ్‌ల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగలదు, ఎందుకంటే అక్కడ హద్దు డిస్క్‌దే. అసలైన తేడా చిన్న ఫైళ్ల దగ్గర బయటపడుతుంది. విండోస్‌లో ఒక ఫైల్ తెరవాలన్న ప్రతి అభ్యర్థన ఫిల్టర్ డ్రైవర్లను, అంటే మధ్యలో నిలబడి ఆ అభ్యర్థనను పరిశీలించే ప్రోగ్రామ్‌లను దాటి వెళ్లాలి, యాంటీవైరస్ తనిఖీ కూడా అక్కడే జరుగుతుంది. ఫైల్‌లో నాలుగు కిలోబైట్లే ఉన్నప్పుడు, చదవడం కన్నా తెరవడానికే ఎక్కువ సమయం పట్టవచ్చు. మ్యాక్‌లో 2017 నుంచి ఉన్న ఏపీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్క్‌పై ఫైళ్లను అమర్చే పద్ధతిని, తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్‌లను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. అది మార్పులను పాత చోట కాక కొత్త చోట రాస్తుంది కాబట్టి, హార్డ్ డిస్క్‌పై ఫోల్డర్ల వివరాలు చెదిరిపోయి, వాటిని వెతకడానికి పళ్లెం మీది డేటాను చదివే హెడ్ పదే పదే అటూఇటూ కదలాల్సి వస్తుంది.

అందువల్ల పెద్ద ఫైల్ ఫలితాన్నీ, చిన్న ఫైళ్ల ఫలితాన్నీ కలిపి ఒకే సగటుగా చూపకుండా, రెండింటినీ వేర్వేరు పట్టీలుగానే ఇప్పుడు తెరపై ఉంచుతున్నాం.