చాంగాన్ అంతఃపురంలో పసికందు మరణం

శ్రోతలకు నమస్కారం.

క్రీస్తుశకం 654లో చైనాను తాంగ్ వంశం ఏలుతోంది. రాజధాని చాంగాన్. ఆ ఏడు అక్కడి అంతఃపురంలో ఒక ఆడబిడ్డ ఉయ్యాల వయసులోనే చనిపోయింది. తండ్రి గావ్‌జోంగ్ చక్రవర్తి. తల్లి వు జావ్. అప్పటికి ఆమె చక్రవర్తి భార్యల్లో ఒకరు, అంతే. తర్వాత కాలంలో చైనా సింహాసనాన్ని తన పేరు మీదే ఏలిన ఏకైక స్త్రీ ఆమె. ఈ మరణానికి ముందు ఒక ప్రేమకథ ఉంది. వెనక చేతబడి ఆరోపణలు, రెండు హత్యలు, ఒక శాపం, దయ్యాలు వచ్చి చేరాయి. దీన్ని కథగా చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ పూట కేసు కాగితాల్లా విప్పి చూద్దాం.

ముందు ప్రేమ సంగతి. వు జావ్ పద్నాలుగో ఏట గావ్‌జోంగ్ తండ్రి తైజోంగ్ అంతఃపురంలోకి కింది హోదాలో వచ్చింది. 649లో తైజోంగ్ పోయాడు. ఆచారం ప్రకారం ఆమెను గన్యే అనే బౌద్ధ మఠానికి పంపి సన్యాసినిని చేశారు. తండ్రి సంవత్సరీకం రోజున ధూపం వెయ్యడానికి గావ్‌జోంగ్ ఆ మఠానికి వెళ్ళాడు. అక్కడ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారని చరిత్ర గ్రంథాలు రాశాయి. ఆమె ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దది, వరసకు మారుటి తల్లి. తాంగ్ చట్టం క్షమించరానివని పేర్కొన్న పది మహాపరాధాల్లో, తండ్రి ఉంపుడుభార్యతో సంబంధం కూడా ఉంది. అంటే ఈ ప్రేమ మొదలే నేరం. అందుకే 655లో ఆమెకు పట్టం కట్టేటప్పుడు, ఆమెను తన తండ్రే తనకు బహుమానంగా ఇచ్చాడని చక్రవర్తి శాసనంలో రాయించాడు.

ఆమెను మఠం నుంచి రప్పించింది ఎవరో కాదు, పట్టపురాణి వాంగ్. రాణికి పిల్లలు లేరు. చక్రవర్తి మనసంతా షియావ్ అనే మరో భార్య మీద ఉంది. షియావ్ మీది మోజు తగ్గించడానికి వాంగ్ ఆ సన్యాసినికి జుట్టు పెంచుకోమని కబురు పెట్టి, అంతఃపురంలోకి తెచ్చుకుంది. కొద్ది కాలానికే షియావ్‌తో పాటు వాంగ్ కూడా పక్కకు పోయింది. 654 నాటి మరణాన్ని ఈ ముగ్గురి మధ్య పెట్టి చూడాలి.

అందరికీ తెలిసిన కథనం ఇలా సాగుతుంది. రాణి వాంగ్ బిడ్డను చూడడానికి వచ్చింది, కాసేపు ఆడించి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళగానే తల్లి బిడ్డను చంపి, పైన దుప్పటి కప్పింది. చక్రవర్తి వచ్చినప్పుడు నవ్వుతూ మాట్లాడి, దుప్పటి తీసి గొల్లుమంది. ఎవరొచ్చారని దాసీలను అడిగితే, ఇప్పుడే రాణిగారు వచ్చి వెళ్ళారని చెప్పారు. రాణే నా కూతుర్ని చంపిందని చక్రవర్తి కేక పెట్టాడు.

ఈ కథనం ఎక్కడి నుంచి వచ్చింది? 945లో పూర్తయిన తాంగ్ వంశ చరిత్రలో ఈ ఘట్టం కథగా లేనే లేదు. వు జావ్ జీవితం ముగిసిన చోట చరిత్రకారుడి నిందావ్యాఖ్యలో ఒక మాటగా మాత్రమే వస్తుంది. 961 నాటి పాలనా సంకలనం ఒకటి బిడ్డ హఠాత్తుగా చనిపోయిందనీ, రాణే చంపిందని తల్లి ఫిర్యాదు చేసిందనీ రాసింది. తల్లి చంపిందన్న మాట అందులో లేదు. దుప్పటి, నవ్వు, దాసీల సాక్ష్యం, ఇవన్నీ 1060లో వచ్చిన కొత్త చరిత్రలోనూ, 1084లో ముగిసిన మరో పెద్ద చరిత్రలోనూ కనిపిస్తాయి. సంఘటన జరిగి నాలుగు వందల ఏళ్ళు దాటాక వివరాలు పెరిగాయన్నమాట. పైగా గదిలో తల్లీబిడ్డలు తప్ప మరొకరు లేనప్పుడు ఆమె చేతులు ఏం చేశాయో చూసిందెవరు?

ఇంకో ఆధారం ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది. 684లో వు జావ్ మీద తిరుగుబాటు లేచినప్పుడు లువో బిన్‌వాంగ్ అనే కవి ఆమెను దుయ్యబడుతూ ప్రకటన రాశాడు. అక్కను చంపింది, అన్నలను చంపింది, చక్రవర్తిని చంపింది, తల్లికి విషం పెట్టింది అని అందులో ఆరోపణలు కురిపించాడు. కన్న కూతుర్ని చంపిందన్న మాట లేదు. ముప్పై ఏళ్ళ కిందటి కథ ఆనాడు జనం నోట్లో ఉండి ఉంటే అలాంటి శత్రువు దాన్ని వదిలేవాడు కాదు. ఆమె నిర్దోషి అని దీంతో తేలిపోదు. కానీ కథ పుట్టుక మీద మాత్రం గట్టి అనుమానం వస్తుంది.

వైద్యం వైపు నుంచి చూస్తే దారులు మూడు. ఒకటి, మెత్తటి బట్టతో ఊపిరాడకుండా చెయ్యడం. పసికందుల్లో దీనికి పైకి గాయం కనిపించకపోవచ్చు. రెండు, ఏ కారణమూ దొరకని హఠాత్ శిశు మరణం. ఈ రెండిటినీ శవపరీక్ష ఒక్కదానితో విడదియ్యడం ఈనాటి వైద్యులకు కూడా కష్టం. మూడు, బొగ్గుల కుంపటి. తలుపులు బిగించిన గదిలో బొగ్గు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. అయితే ఆ విషంతో పోయినవాళ్ళ చర్మం మీద ఎర్రటి మచ్చలు తేలడం మామూలు. చూడగలిగినవాడు ఆరోజే చూసి ఉంటే కనీసం ఈ మూడో దారి తేలేది. చక్రవర్తి బిడ్డ ఒంటిని ఎవరూ పరీక్షించినట్టు రాయలేదు.

పరీక్షించి ఉన్నా ఎంతవరకు తేలేదో చెప్పలేం. చైనాలో శవపరీక్ష మీద మనకు దక్కిన సమగ్ర గ్రంథం 1247లో సుంగ్ త్సి అనే న్యాయాధికారి రాసింది. అందులో విషానికి చెప్పిన పరీక్ష ఇది: వెండి సూదిని కుంకుడులా నురగనిచ్చే కాయ రసంతో కడిగి, శవం గొంతులోకి దించి, నోటికి కాగితం అంటించి కాసేపు ఆగాలి. బయటికి తీస్తే నల్లబడి ఉండి, మళ్ళీ ఆ రసంతో కడిగినా నలుపు పోకపోతే విషం. ఇక్కడే పొరపాటుకు చోటుంది. వెండిని నల్లబరిచేది గంధకం. పాతకాలపు పాషాణంలో, అంటే ఆర్సెనిక్ విషంలో, గంధకం కలిసి ఉండేది కాబట్టి సూది పట్టేసేది. కుళ్ళుతున్న శవంలోనూ గంధకపు వాయువు పుడుతుంది, విషం లేకపోయినా సూది నల్లబడుతుంది. శుద్ధమైన పాషాణమైతే సూది తెల్లగానే వచ్చేస్తుంది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. బిడ్డ మరణం పేరు మీద రాణి వాంగ్ మీద విచారణ జరగలేదు. 655లో రాణీ, ఆమె తల్లీ కలిసి చేతబడి చేశారన్న ఆరోపణ వచ్చింది. తల్లిని అంతఃపురంలోకి రాకుండా నిషేధించారు. కొద్ది నెలలకే వాంగ్‌నీ షియావ్‌నీ పదవుల నుంచి తొలగించారు. శాసనంలో చెప్పిన కారణం ఝెన్ విషం పెట్టబోయారని. ఝెన్ అంటే పాములను తిని బతికే ఒక పక్షి అనీ, దాని ఈక ముంచిన మద్యం తాగితే చావేననీ నమ్మేవారు. ఆ శాసనంలో పసిబిడ్డ ఊసే లేదు.

చేతబడి ఆరోపణకు అంత బలం ఎందుకొచ్చింది? 653లో, అంటే బిడ్డ పోవడానికి ఏడాది ముందు, తాంగ్ చట్టానికి వ్యాఖ్యానంతో కూడిన ప్రతి సిద్ధమైంది. మొత్తం 502 నిబంధనలు. చేతబడి ఎలా చేస్తారో వ్యాఖ్యాతలు విప్పి రాశారు: మనిషి బొమ్మ గీసి గానీ చెక్కి గానీ గుండెలో పొడుస్తారు, కళ్ళలో మేకులు కొడతారు, కాళ్ళూ చేతులూ కట్టేస్తారు. ఇతరులను చంపాలని చేస్తే హత్యకు కుట్ర పన్నినట్టే లెక్క, శిక్ష మాత్రం రెండు మెట్లు తక్కువ. కన్నవాళ్ళ మనసు తనవైపు తిప్పుకోవడానికి చేసినా రెండు వేల లీల దూరం ప్రవాసం. లీ అంటే సుమారు అర కిలోమీటరు. అదే ప్రేమ కోసం చక్రవర్తి మీద చేస్తే శిరచ్ఛేదం. భర్త ఆదరణ కోసం మంత్రగాణ్ణి పిలిపించుకున్న రాణి తల దీంతో కత్తి కిందికి వచ్చినట్టే. నేరం రుజువు కావడానికి శవం కూడా అక్కర్లేదు, పడకగదిలో ఒక చెక్కబొమ్మ దొరికితే చాలు.

ఇదే చట్టంలో పిల్లిదయ్యాన్ని పెంచేవాళ్ళకూ, ఆ విద్య నేర్పేవాళ్ళకూ గొంతు బిగించి చంపే శిక్ష ఉంది. ఇది ఊరికే రాలేదు. 598లో, ముందటి సుయి వంశం కాలంలో, పట్టపురాణి దూగుకూ, యాంగ్ సు అనే మంత్రి భార్యకూ ఒకేసారి జబ్బు చేసింది. వైద్యులు చూసి పిల్లిదయ్యం జబ్బన్నారు. అనుమానం రాణికి సవతి తల్లి కొడుకైన దూగు త్వో మీదికి పోయింది. అతని దాసి శూ ఆనీ ఒప్పుకుంది: ఎలుక పేరిట లెక్కించే రోజున రాత్రి పూజ చేస్తామనీ, దయ్యం మనిషిని చంపితే ఆ ఇంటి సొమ్ము పెంచేవాళ్ళ ఇంటికి చేరుతుందనీ చెప్పింది. ఒకనాడు ఇంట్లో మద్యానికి డబ్బు లేకపోతే యజమాని తనతో దయ్యాన్ని మంత్రి ఇంటి మీదికి పంపించాడట. అధికారులు ఆమెను రాణివాసానికి తీసుకెళ్ళారు. ఆమె గిన్నెలో సువాసన జావ పెట్టి, గరిటెతో తడుతూ, పిల్లీ రా, అంతఃపురంలో ఉండకు అని పిలిచింది. కాసేపటికి ఆమె మొహం నీలంగా మారి, ఎవరో లాగుతున్నట్టు కదిలిందని రికార్డు. త్వోకు మరణశిక్ష పడబోతే రాణి మూడు రోజులు అన్నం మానేసి తమ్ముణ్ణి బతికించుకుంది. ఆ ఏడే పిల్లిదయ్యాలు పెంచే ఇళ్ళను సరిహద్దులకు తరిమెయ్యమని శాసనం వచ్చింది.

ఇది గుర్తుంచుకుని షియావ్ శాపం వినండి. చనిపోయే ముందు ఆమె, వచ్చే జన్మలో నేను పిల్లినై పుడతాను, వు ఎలుకై పుట్టాలి, దాని గొంతు పట్టుకుంటాను అంది. మనకు అది ఏడుపులో అన్న మాటలా వినిపిస్తుంది. అక్కడి వాళ్ళకు అది చట్టం గుర్తించిన మారణాయుధం పేరు. వు జావ్ అంతఃపురంలో పిల్లులను నిషేధించింది.

ఆ ఇద్దరూ ఎలా చనిపోయారన్నదీ తేలని ప్రశ్నే. 945 నాటి చరిత్రలో ఒకే అధ్యాయంలో రెండు మాటలున్నాయి. మొదట ఇద్దరినీ ఉరి బిగించి చంపించారంటుంది. కొన్ని వాక్యాల తర్వాత వేరే కథ: అన్నం అందించే కన్నం తప్ప దారి లేని గదిలో వాళ్ళున్నారని చక్రవర్తి చూసి చలించిపోయాడు. అది తెలిసి వు జావ్ ఒక్కొక్కరికి వంద దెబ్బలు కొట్టించి, కాళ్ళూ చేతులూ నరికించి, మద్యం జాడీల్లో వేయించింది. రెండూ నిజం కాలేవు. పైగా ఈ రెండోది క్రీస్తుపూర్వం హాన్ వంశపు రాణి లు తన సవతికి చేసిన ఘోరాన్ని చాలావరకు పోలి ఉంది. దుర్మార్గురాలైన రాణి అంటే ఇలాగే చేస్తుందన్న అచ్చు ఒకటి చరిత్రకారుల దగ్గర అప్పటికే ఉంది. నేనైతే ఉరి మాటనే నమ్ముతాను.

తర్వాత జుట్టు విరబోసుకుని రక్తం కారుతున్న ఆ ఇద్దరూ వు జావ్‌కు కనిపించేవారనీ, ఆ భయానికే పాత కోట వదిలి కొత్త కోటకూ, అక్కడా వదలకపోతే లువోయాంగ్ నగరానికీ మకాం మార్చిందనీ అంటారు. కానీ పాత కోట పల్లంలో, చెమ్మలో ఉంది, గావ్‌జోంగ్‌కు వాతపు నొప్పులు. కొత్త కోట ఎత్తు మీద కట్టారు. చాంగాన్ చుట్టుపక్కల పంట రాజధాని జనానికి చాలేది కాదు, పడవల్లో ధాన్యం తేవాలంటే పసుపు నదిలో రాళ్ళూ సుళ్ళూ అడ్డం. లువోయాంగ్‌కు ధాన్యం తేలిగ్గా చేరేది. పిల్లుల నిషేధం కూడా చివరిదాకా నిలవలేదు. 692లో ఆమె ఒక పిల్లికీ చిలకకూ కలిసి ఉండడం నేర్పించి దర్బారులో చూపించింది. అందరూ చూడకముందే పిల్లి చిలకను తినేసింది.

ఈ కాలంలోనే మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళిన హ్యూయెన్‌త్సాంగ్ చాంగాన్‌లో గ్రంథాలు అనువదిస్తున్నాడు. 656లో వు జావ్ కడుపుతో ఉన్నప్పుడు సుఖప్రసవం కోసం ఆయనే ప్రార్థన చేశాడు.

ఈ కేసులో నన్ను ఎక్కువగా పట్టి ఆపేది 664వ సంవత్సరం. ఆ వసంతంలో, పదేళ్ళ కిందట పోయిన పసిపాపకు అందీంగ్ రాకుమారి అని బిరుదిచ్చి, రాకుమారుడికి చేసే మర్యాదలతో, మేళతాళాలతో మరో ఆలయానికి అవశేషాలను తరలించారు. అదే ఏడు వు జావ్ మీద చేతబడి ఆరోపణ వచ్చింది. గువో షింగ్‌జెన్ అనే తావో మతపు మంత్రగాణ్ణి అంతఃపురంలోకి రప్పిస్తోందని ఒక నపుంసక సేవకుడు ఫిర్యాదు చేశాడు. వాంగ్ మీద మోపిన నేరమే. చక్రవర్తి మంత్రి షాంగ్వాన్ యీని పిలిచి, ఆమెను తొలగించే శాసనం రాయమన్నాడు. సేవకులు పరుగున వెళ్ళి ఆమెకు చెప్పారు. సిరా ఆరకముందే ఆమె వచ్చి ఎదుట నిలబడింది. గావ్‌జోంగ్ తడబడి, నాకా ఉద్దేశం లేదు, షాంగ్వాన్ యీ చెప్పాడు అన్నాడు.

655లో వాంగ్‌కు చక్రవర్తి దగ్గరికి వెళ్ళి మాట్లాడుకునే దారి లేకుండా పోయింది. వు జావ్‌కు ఉంది. చట్టం మారలేదు, ఆరోపణ మారలేదు. షాంగ్వాన్ యీ కొడుకుతో సహా చెరసాలలో చనిపోయాడు. ఆ ఇంటి పసిపాప, ఆయన మనుమరాలు షాంగ్వాన్ వాన్‌అర్, తల్లితో పాటు అంతఃపురపు బానిసైంది. పెరిగి పెద్దదై వు జావ్‌కే శాసనాలు రాసిపెట్టింది. 2013లో షియాన్ విమానాశ్రయం దగ్గర ఆమె సమాధి బయటపడింది. అందులోని శిలాలేఖలో పాత చరిత్రలు చెప్పని సంగతులున్నాయి.