బ్రేకుల్లేని బండ్లు, బెల్ వ్యూ ఏసెస్

శ్రోతలకు నమస్కారం.

బండికి బ్రేకు లేదు, గేరు ఒక్కటే. 500 సీసీ ఇంజన్, ఇంధనం మెథనాల్. నలుగురు రైడర్లు టేపు వెనక వరసగా నిలబడతారు. టేపు లేవగానే క్లచ్ వదిలి, ఎడమ చేతి వైపు తిరిగే చిన్న ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొడతారు. అంతా కలిపి నిమిషం పట్టే పని. మలుపు దగ్గర వేగం తగ్గించరు. వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తారు, ఇనుప తొడుగు వేసిన ఎడమ కాలును నేలమీద రాస్తూ బండిని పక్కవాటుగా తోలతారు. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తర్వాతివాళ్లకు 2, 1, ఆఖరివాడికి సున్నా. జట్టుల మధ్య పోటీలో ఇలాంటి పరుగులు సాధారణంగా 15 ఉంటాయి. ఈ ఆట పేరు స్పీడ్‌వే.

ఈ ఆటలో పాత జట్లలో ఒకటి ఇంగ్లాండులోని మాంచెస్టర్ నగరానికి చెందిన బెల్ వ్యూ ఏసెస్. ఇవాళ దాని గురించి చెప్పుకుందాం.

బెల్ వ్యూ అంటే అసలు జంతు ప్రదర్శనశాల. 1836లో మొదలైన ఆ ఉద్యానంలో ఏనుగులు, సింహాలు, రంగులరాట్నాలు, బాణసంచా అన్నీ ఉండేవి. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే జనానికి సెలవు దొరికితే పోయే చోటు అది. 1928లో దాని పక్కనే ఉన్న గ్రేహౌండ్ కుక్కల పందేల స్టేడియంలో మోటార్‌సైకిళ్లు దిగాయి. మరుసటి ఏడాది, 1929 మార్చిలో, ఉద్యానం ఆవరణలోనే హైడ్ రోడ్ స్టేడియం తెరిచారు. సింహం ఉన్న ఆవరణలోనే ఇంజన్ల గర్జన కూడా! ఆ రాత్రుల్లో జంతువులకు నిద్ర ఎలా పట్టేదో పాపం.

ఈ జట్టుకు కప్పులు గుంపులు గుంపులుగా వచ్చాయి, మధ్యలో ఏళ్ల తరబడి ఖాళీలు. 1933 నుంచి 1936 వరకు వరుసగా నాలుగు లీగ్ టైటిళ్లు, 1933 నుంచి 1937 వరకు వరుసగా ఐదు నేషనల్ ట్రోఫీలు. 1936లో వెంబ్లీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ ఫైనల్లో బెల్ వ్యూ రైడర్ ఎరిక్ లాంగ్‌టన్, ఆస్ట్రేలియా ఆటగాడు లయొనెల్ వాన్ ప్రాగ్ సమానంగా నిలిచారు. విజేతను తేల్చే పరుగులో లాంగ్‌టన్ ఓడిపోయాడు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. దేశంలో మిగతా ట్రాక్‌లు చాలావరకు మూతపడ్డాయి. బెల్ వ్యూలో మాత్రం శనివారం పోటీలు సాగుతూనే ఉన్నాయి. కప్పుల జాబితా కంటే ఇదే నాకు పెద్ద ఘనతగా కనిపిస్తుంది. జనం అలవాటు తప్పలేదు కాబట్టే యుద్ధం తర్వాత కూడా జట్టు నిలిచింది.

1950లలో లివర్‌పూల్ నుంచి పీటర్ క్రేవెన్ వచ్చాడు. పొట్టి మనిషి. బరువైన బండి మీద కూర్చున్నాడా, దానితో ఆడుకుంటున్నాడా అని చూసేవాళ్లకు సందేహం వచ్చేదట. 1955లో 21 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు, 1962లో మళ్లీ గెలిచాడు. మరుసటి సంవత్సరం, 1963 సెప్టెంబరు 20న ఎడిన్‌బరోలో, ముందు పడిపోయిన రైడర్‌ను తప్పించబోయి కంచెకు గుద్దుకున్నాడు. నాలుగు రోజులకు చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్లు. 1936 తర్వాత 27 ఏళ్లుగా అందని లీగ్ టైటిల్ బెల్ వ్యూకు దక్కింది కూడా ఆ 1963లోనే. ఆ కప్పు చేతికొచ్చిన ఆనందాన్ని ఎవరు పూర్తిగా అనుభవించి ఉంటారు? ఆయన పేరిట పెట్టిన స్మారక పోటీకి మాంచెస్టర్‌లో ఇప్పటికీ జనం వస్తారు.

1969లో న్యూజీలాండ్‌కు చెందిన ఐవన్ మేజర్ చేరాడు. మొత్తం ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేజర్, అందులో మూడు, అంటే 1969, 1970, 1972 టైటిళ్లను బెల్ వ్యూ రైడర్‌గా గెలిచాడు. జట్టు 1970 నుంచి వరుసగా మూడేళ్లు లీగ్ కొట్టింది. తర్వాత పీటర్ కాలిన్స్ వంతు. 1976లో పోలండ్‌లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది ఫైనల్లో విరిగిన కాలుతో దిగి మేజర్ వెనక రెండో స్థానం తెచ్చుకున్నాడు. కాలిన్స్ సోదరులు ఐదుగురూ స్పీడ్‌వే రైడర్లే. ఆ ఇంట్లో తల్లికి ఎన్ని శనివారాలు గుండె దడదడలాడిందో!

1982లో మరో లీగ్ టైటిల్. ఐదేళ్లకే హైడ్ రోడ్ స్టేడియాన్ని అమ్మేశారు, 1987 నవంబరు 1న చివరి పోటీ జరిగింది. ప్రదర్శనశాల అప్పటికే, 1977లోనే, మూతపడింది. జట్టు మళ్లీ కుక్కల పందేల స్టేడియానికి, అంటే 1928లో ఎక్కడ మొదలైందో అక్కడికే చేరింది. అద్దె ఇంట్లో ఉన్నట్టే ఉన్నా, 1993లో అక్కడి నుంచే లీగ్ గెలిచింది.

సొంత ట్రాక్ 2016లో వచ్చింది, నేషనల్ స్పీడ్‌వే స్టేడియం. ప్రారంభోత్సవం రోజునే ట్రాక్ నేల బాగాలేదని పోటీ ఆపేశారు. టికెట్లు కొని వచ్చిన జనం తిట్టుకుంటూ ఇళ్లకు పోయారంటే తప్పేముంది? ఆ సీజన్ ఆఖర్లో ఫైనల్ దాకా వెళ్లిన ఏసెస్ వోల్వర్‌హాంప్టన్ చేతిలో ఓడింది. 2021లో ఇదే స్టేడియంలో బ్రిటన్ 1989 తర్వాత మొదటిసారి ప్రపంచ జట్టు టైటిల్ గెలిచింది. ఆ జట్టులో బెల్ వ్యూ రైడర్ డాన్ బ్యూలీ ఉన్నాడు. ఆ మరుసటి ఏడాది షెఫీల్డ్‌ను ఫైనల్లో ఓడించి, 29 ఏళ్ల తర్వాత ఏసెస్ లీగ్ కప్పు ఎత్తింది.

నమస్కారం.