తాగాలనిపించే వేళకు తలుపు తీసి ఉండాలి

అందరికీ నమస్కారం. నన్ను వేదిక మీదికి పిలిచినవారు నా పేరు చెప్పలేదు. మరచిపోయి కాదు, నేనే వద్దన్నాను. తాగుడు మానాలనుకునేవారు కూడే మా ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగుల్లో ఇంటిపేర్లు వాడుకోం. పదిమందిలో మాట్లాడాల్సి వస్తే అసలు పేరే చెప్పుకోం. తాగుడు మానిన మనిషి ఒకడు మాట్లాడుతున్నాడనుకోండి, చాలు.

మొదటి మీటింగుకు వెళ్లిన సాయంత్రం తలుపు బయట ఇరవై నిమిషాలు నిలబడ్డాను, ఫోను చెవికి ఆనించుకుని. అవతల ఎవరూ లేరు. తెలిసినవారు చూస్తే ఏదో మాట్లాడుతూ ఆగాననుకోవాలని ఆ నాటకం. చివరికి లోపలికి వెళితే ఒక పెద్దాయన టీ ఇచ్చారు. పక్కవారికి కప్పు నిండా పోసి నాకు సగమే పోశారు. కాస్త నొచ్చుకున్నాను కూడా. కప్పు అందుకున్నాక తెలిసింది: చేయి వణుకుతోంది, నిండా ఉంటే చొక్కా మీద ఒలికేది. అడగకుండా, జాలి చూపకుండా కొలిచి పోశారాయన. ఒకప్పుడు ఆయన చేయీ అలాగే వణికింది మరి.

ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి మాట నా కష్టాల గురించి కాదు. "చివరిసారి ఎప్పుడు తాగారు? డాక్టరుకు చూపించుకున్నారా?" అన్నారు. ఇది జాగ్రత్తగా వినండి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దానికి మందులున్నాయి, వైద్యులున్నారు. మీటింగు అందుకు మందు కాదు. ముందు ఆసుపత్రి, ఆ వెంటనే మీటింగు.

ఇక గ్రూపును వెతుక్కోవడం సంగతి. అందరూ "మంచి గ్రూపు ఏది?" అని అడుగుతారు. నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. మీకు తాగాలని ఏ వేళకు అనిపిస్తుంది? నాకైతే సాయంత్రం ఏడు గంటలకు, ఆఫీసుకూ ఇంటికీ మధ్య. ఆ వేళకు నడిచో, ఒక బస్సెక్కో చేరుకోగలిగిన గది నాకు కావాలి. ఎంత గొప్ప గ్రూపైనా దూరాన, ఆదివారం ఉదయం మాత్రమే కూడితే, మంగళవారం ఏడు గంటలకు అది నాకు అక్కరకు రాదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిందే అలాంటి ఒక గడ్డు వేళలో. 1935 మేలో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు అమెరికాలోని ఆక్రన్‌కు వ్యాపారం పని మీద వెళ్లారు. తాగకుండా అయిదు నెలలైంది. పని చెడింది. హోటల్ ముందుహాల్లో ఒక పక్క బారు, మరో పక్క టెలిఫోన్. ఆయన ఊళ్లోని చర్చిలకు ఫోను చేసి, మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఎవరైనా దొరుకుతారా అని వాకబు చేశారు. దొరికినవారు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట చాలనుకుని వచ్చిన ఆ డాక్టరు రాత్రి పదకొండు దాటాక లేచారు. ఆ తర్వాత డాక్టరు మధ్యలో ఒకసారి మళ్లీ తాగారు కూడా. ఆయన ఆఖరిసారి తాగిన జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

చేరడానికి ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. చందా పళ్లెం తిరుగుతుంది, కొత్తవారు వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికే. వెళ్లేముందు ఫోనులో కనుక్కోండి. ఏఏ మీటింగుల్లో వచ్చే దేవుడి ప్రస్తావన కొందరికి అడ్డొస్తుంది. నాకూ వచ్చింది. మీకు అసలే పడకపోతే, 1994 నుంచి స్మార్ట్ రికవరీ పేరుతో నడుస్తున్న గ్రూపుల్లో ఆ ఊసు ఉండదు. ఇంట్లోవారికి 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది. దానికి పూనుకున్నవారిలో బిల్ భార్య లోయిస్ ఒకరు.

ఇదంతా మాటలతో కాలక్షేపమేనా అనేవారున్నారు. 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ నుంచి 2020లో వచ్చింది. ఒక పద్ధతి ప్రకారం ఏఏకు చేర్చే చికిత్స పొందినవారిలో, పూర్తిగా మానేసి అలాగే నిలబడినవారు ఇతర చికిత్సల్లోకంటే ఎక్కువని అందులో తేలింది.

ఒక్క మీటింగు చూసి తీర్పు చెప్పకండి. మొదటిరోజు ఎవరి మాటలూ చెవికెక్కవు. కనీసం మూడు నాలుగు సార్లు, వీలైతే రెండు వేర్వేరు చోట్లకు వెళ్లండి. వచ్చేటప్పుడు ఇద్దరి ఫోను నంబర్లు తీసుకోండి. తాగాలని లేనప్పుడే ఒకసారి చేసి చూడండి, చేయి అలవాటు పడుతుంది. నేను ఆ పని చేయలేదు. తొలిసారి పెద్దాయనకు ఫోను చేసినప్పుడు అప్పటికే దుకాణం ఎదురుగా ఉన్నాను. ఆయన ఎత్తగానే నోట మాట రాక పెట్టేశాను. నిమిషం గడవకముందే ఆయనే చేశారు. పలకరింపు కూడా లేదు. "ఎక్కడున్నారు? అక్కడే ఉండండి, వస్తున్నాను" అన్నారు.