ఐసీయూలో గొట్టాలకు పట్టే పాచి

[తెర మీద: రాత్రి వేళ, కాలవ గట్టున పెంకుటిల్లు, వరండాలో నేల మీద పరిచిన చాప]

నమస్కారం అండీ. రెండేళ్ళ కిందట శ్రావణ మాసంలో మా మావయ్యని కట్లపాము కరిచింది. రాజోలు దగ్గర లంక ఊరు మాది. ఉక్కపోతగా ఉందని ఆ రాత్రి వరండాలో చాప వేసుకుని పడుకున్నారు. తెల్లారుజామున కడుపులో నొప్పి అంటే అత్తయ్య గ్యాసేమో అనుకుంది. గంట తిరిగేసరికి కనురెప్పలు లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. చాలాసార్లు గాటు కూడా కనిపించదు.

ఆస్పత్రికి చేరేసరికి ఊపిరి తీసే కండరాలు కూడా పనిచేయడం మానేస్తున్నాయి. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చారు. కానీ ఈ పాము విషం నరం కండరాన్ని కలిసే చోట, నరం చివరనే పాడు చేస్తుంది. విరుగుడు పడ్డాక కూడా ఆ చివరలు బాగుపడడానికి రోజులు పడుతుంది. అంతవరకు మిషనే ఊపిరి.

ఆరో రోజు మావయ్య వేళ్ళు కదిపారు. అందరం సంబరపడ్డాం. ఆ సాయంత్రమే జ్వరం 102 దాటింది. ముందు రోజు వరకు నీళ్ళలా వచ్చిన కఫం, దాన్ని బయటికి లాగే సక్షన్ పైపులోకి చిక్కగా పచ్చగా వచ్చింది. నేను ఐసీయూలో పదకొండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. ఆ పైపులో ఆ రంగు చూడగానే కాళ్ళు చల్లబడిపోయాయి. పాము నుంచి తప్పించుకుంటున్న మనిషికి ఆస్పత్రిలో నిమోనియా పట్టుకుంది.

[తెర మీద: వరి చేను గట్టు, అందులో ఎండ్రకాయ చేసిన కన్నం, కన్నంలోంచి నీరు]

ఆస్పత్రిలో చేరేటప్పుడు లేకుండా, చేరిన 48 గంటలు దాటాక బయటపడే ఇన్ఫెక్షన్‌ని ఆస్పత్రిలో సోకిన ఇన్ఫెక్షన్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం, ఆస్పత్రిలో చేరే ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి ఇలా కనీసం ఒక ఇన్ఫెక్షన్ వస్తుంది. వచ్చిన ప్రతి పది మందిలో ఒకరు దానివల్ల చనిపోతారు. ఐసీయూలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఎందుకు ఎక్కువో మన వాళ్ళకి చెప్పడం తేలిక. గట్టు గట్టిగా ఉన్నంతసేపు చేలో నీరు చేలోనే ఉంటుంది. ఎండ్రకాయ ఒక్క కన్నం పెట్టిందంటే తెల్లారేసరికి సగం మడి ఖాళీ. మన ఒంటికి చర్మం గట్టు. గొంతులో దగ్గు గట్టు. ఐసీయూలో ప్రాణం నిలపడానికి వేసే ప్రతి గొట్టం ఆ గట్టుకి కన్నం పెట్టే లోపలికి వెళ్తుంది. గొట్టం వేయకపోతే మనిషి దక్కడు, వేస్తే క్రిములకి దారి దొరుకుతుంది. అందుకే ఎవరి తప్పూ లేకుండా కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే జ్వరం రాగానే డాక్టర్ల మీద పడిపోయే బంధువుల్ని చాలామందిని చూశాను. అలాగని తప్పులు జరగవనీ అనను.

[తెర మీద: రేవు మెట్ల మీద పచ్చటి పాచి, దాని మీద జారుతున్న కాలు]

ఇక పాచి సంగతి. కాలవ రేవు మెట్లు నీళ్ళలో నానితే నాలుగు రోజుల్లో జిగురుగా పాచి పడుతుంది కదా. చెంబుడు నీళ్ళు పోస్తే పోదు, కొబ్బరి పీచు పెట్టి తోమాలి. ఒంట్లో వేసిన ప్లాస్టిక్ గొట్టానికి కూడా అలాగే పాచి పడుతుంది. క్రిములు దాని మీద అతుక్కుని, చుట్టూ జిగురు పొర కట్టుకుని, లోపల కాపురం పెడతాయి. ఆ పొర దాటి మందు సరిగ్గా లోపలికి వెళ్ళదు. పొద్దున్నే పళ్ళ మీద ఉండే పాచి కూడా అచ్చంగా ఇదే జాతి. ఒంట్లో ఉన్న గొట్టాన్ని పీచు పెట్టి తోమలేం. తీసేయడమే మార్గం.

గొంతు గొట్టం గురించి కొంచెం వివరంగా చెప్తాను. గొట్టం కింది కొసన చిన్న గాలి బుడగ ఉంటుంది. దాన్ని ఉబ్బిస్తే శ్వాసనాళానికి అతుక్కుని, పై నుంచి ఏదీ ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపాలి. కానీ ఆ బుడగ మడతల సందుల్లోంచి, దాని మీద మడుగు కట్టిన ఉమ్మి చుక్క చుక్కగా దిగుతూనే ఉంటుంది. మత్తులో ఉన్న మనిషి మింగలేడు, దగ్గలేడు. నోట్లో పాచి ఎంత ఉంటే ఆ చుక్కలో క్రిములు అన్ని.

అందుకే పేషెంటు తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచుతారు. పడుకోబెట్టేస్తే పొట్టలోది కూడా పైకి వచ్చి ఆ మడుగులో కలుస్తుంది. చాలా ఐసీయూ మంచాలకి పక్కన డిగ్రీలు చూపించే గుర్తు ఉంటుంది, మీరే చూడొచ్చు. పేషెంటుకి రోజూ పళ్ళు తోమాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి పళ్ళు తోమడమేంటని మా అత్తయ్య ఆశ్చర్యపోయింది. తోమిన చోట నిమోనియాలు తగ్గుతున్నాయని పరిశోధనల్లో కనిపించింది. రోజూ మత్తు తగ్గించి, తనంతట తను ఊపిరి తీయగలడా అని చూడాలి. ఒక్క రోజు ముందు గొట్టం తీయగలిగితే ఒక్క రోజు పాచి తప్పినట్టు.

మావయ్య దగ్గర కూర్చున్న మూడో రోజు ఒక సంగతి జరిగింది. మా చుట్టాలాయన ఒకరు కొబ్బరి బొండం నీళ్ళు చిన్న సీసాలో తెచ్చి, గొట్టం పక్క నుంచి స్పూనుతో పెదాల సందున పోయబోయారు. "నోరెండిపోయిందమ్మా, రెండు చుక్కలేగా" అన్నారు. ప్రేమే అది. నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఆ రెండు చుక్కలూ నేరుగా ఆ మడుగులోకే పోతాయి. దయచేసి ఎవరూ పోయకండి. నోరు ఎండితే సిస్టర్‌కి చెప్పండి, తడి గాజుగుడ్డతో తుడుస్తారు.

మూత్రం పైపుకి గుర్తుంచుకోవాల్సింది తక్కువే. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. స్కానింగ్‌కి తీసుకెళ్ళేటప్పుడు స్ట్రెచర్ మీద పేషెంటు పొట్ట మీద పెట్టేస్తుంటారు. సంచిలో మూత్రం వెనక్కి పోతుంది.

మెడలోనో తొడ దగ్గరో పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్ వేరే సంగతి. దాని పాచి నేరుగా రక్తంలోకే వెళ్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు కలిసి ఐదు పనులు పెట్టుకున్నాయి. చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు పేషెంటుని నిండా స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) గుడ్డతో కప్పి డాక్టరు గౌను, గ్లౌజులు వేసుకోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిముల్ని చంపే మందుతో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరిన లైను తీసేయడం. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తపు ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. కొత్త మందూ లేదు, కొత్త మిషనూ లేదు.

[తెర మీద: రెండు అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేలు]

ఇప్పుడు చేతులు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసి అలాగే పురుళ్ళు పోయడానికి వచ్చే డాక్టర్లందరినీ క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోమన్నారు. ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది బాలింతలు చనిపోతుంటే, జూన్‌కి అది దాదాపు రెండుకి దిగింది. క్రిముల వల్ల ఇలాంటి రోగాలు వస్తాయని అప్పటికి డాక్టర్లకి తెలియదు.

తెలిసిన మనమే చేయడం లేదు. నేనూ చేయని రాత్రి ఉంది. నలుగురు వెంటిలేటర్ పేషెంట్లకి ఒక్కదాన్నే ఉన్నాను. రెండో మంచం దగ్గర సక్షన్ చేస్తుంటే మూడో మంచం అలారం మోగింది. పరిగెత్తాను. అవే గ్లౌజులతో. గ్లౌజులు నన్ను కాపాడతాయి కానీ పేషెంటుని కాపాడవని నాకు తెలుసు. అయినా పరిగెత్తాను. ఆ పేషెంటుకి ఏమీ కాలేదు, కానీ ఆ అడుగులు నాకు ఇప్పటికీ గుర్తే. సిస్టర్లు తక్కువైన చోట చేతులు శుభ్రంగా ఉండవు, ఎన్ని పోస్టర్లు అంటించినా సరే.

శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. సబ్బూ నీళ్ళతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. పేషెంటుని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, మంచం కడ్డీ ముట్టుకున్నా సరే. ఎసినెటోబాక్టర్ అనే క్రిమి పొడి కడ్డీ మీద, మానిటర్ బటన్ మీద వారాల తరబడి బతికి ఉంటుంది. మీ జేబులో ఫోను సంగతీ అంతే.

మావయ్య కఫం కల్చర్‌లో, అంటే ల్యాబులో క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, వచ్చింది ఆ ఎసినెటోబాక్టరే. రిపోర్టు కాగితంలో మందుల పేర్ల ఎదురుగా వరసగా ఆర్, ఆర్, ఆర్ అని ఉంది. అంటే ఆ మందులు పనిచేయవని. కింద కొలిస్టిన్ ఒక్కదానికే దారి మిగిలింది. కిడ్నీలు పాడవుతున్నాయని ఒకప్పుడు డాక్టర్లు పక్కన పెట్టేసిన పాత మందు అది. మందులు ఇలా మొద్దుబారడానికి ఐసీయూ ఒక్కటే కారణం కాదు. జలుబుకి మందుల షాపులో రెండు రోజుల యాంటీబయాటిక్ కొనుక్కోవడం కూడా కారణమే. కోళ్ళకి, చెరువులకి, మేతలో కొలిస్టిన్ వాడకుండా కేంద్రం 2019 జులైలో నిషేధించింది. రొయ్యల చెరువులు చేసేవాళ్ళు మన డెల్టాలో ఇంటికొకరు ఉంటారు కాబట్టి చెప్తున్నాను. మావయ్యకి మిగిలిన ఆఖరి మందు అది.

మీ వాళ్ళు ఐసీయూలో ఉంటే రోజుకొకసారి, గొడవగా కాకుండా, ఈ మాట అడగండి: "సిస్టర్ గారూ, ఈ పైపు ఇవాళ కూడా అవసరమేనాండి?" మూడు పైపులుంటే మూడింటి గురించీ అడగండి. నేను డ్యూటీలో ఉండగా ఒక పెద్దావిడ రోజూ అలా అడిగేది. నాలుగో రోజు నిజంగానే మూత్రం పైపు అక్కర్లేదు, మేమే మర్చిపోయాం. ఆవిడ అడిగినందుకే తీశాం. లోపలికి ఒక్కరే వెళ్ళండి. అంతర్వేది కుంకుమ పెట్టాలనుకుంటే చేతులు కడుక్కుని నుదుటన పెట్టండి, గొంతు దగ్గర కట్టు మీద పొడి రాలనివ్వకండి. జలుబు ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే ఉండండి.

మావయ్య ఇరవై మూడో రోజు ఇంటికొచ్చారు. తర్వాత గొంతు కింద కన్నం చేసి గొట్టం మార్చిన చోట రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. ఇప్పుడు ఎంత ఉక్కపోసినా మంచం మీదే పడుకుంటున్నారు, దోమతెర అంచులు నాలుగు వైపులా పరుపు కింద దోపుకుని.